బాహుబలి కథకు రెండవ కూర్పు

2015 జూన్ 13వ తేదీ సాయంకాలము తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఆవరణమున 'బాహుబలి' చిత్రగీతముల ఆవిష్కరణ సభ జరిగినది. ఆ చిత్రమే పదేండ్ల తరువాత, 2025 అక్టోబరు 31వ తేదీన, 'బాహుబలి: ది ఎపిక్' అను పేరుతో మరియొక రూపమున వెలువడినది. 2015 జూలై 10న వచ్చిన తొలి భాగమును, 2017 ఏప్రిల్ 28న వచ్చిన మలి భాగమును దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి తానే కుదించి, ఏకము చేసి, ఒక్క చిత్రముగా కూర్చెను. ఈ రెండవ కూర్పు మొదటిదానికంటె మెరుగైనదా యనునది ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము.

పరిశోధన పత్రికలో చలనచిత్రముల ప్రసక్తి యేల యని పెద్దలు ప్రశ్నింపవచ్చును. కవి తన కృతిని తానే సవరించినపుడు ఏ పాఠము గ్రాహ్యమనునది తెలుగు శాఖలకు నిత్యము ఎదురగు చిక్కే. తాటాకు ప్రతులు సరిచూచువారికిని, అచ్చు పుస్తకముల ముద్రణభేదములు పరిశీలించువారికిని ఇది క్రొత్త కాదు. చలనచిత్రమున దృశ్యఖండములను ఏర్చి అతుకు పనికి సయితము మనవారు 'కూర్పు' అనియే పేరు పెట్టుకొనిరి. పేరు కుదిరినది, విచారణయు ఆ దారినే సాగవచ్చును.

ముందుగా ఒక మాట. బాహుబలి కథ చరిత్ర కాదు. మాహిష్మతి యను పేరు పురాణేతిహాసములలో నర్మదాతీర నగరమునకు కలదు. కుంతలము దక్కనులో ఒక ప్రాచీన దేశము. పేర్లు అచటివి, కథ మాత్రము కల్పితము. నిజమైన రాచరికపు ఆనవాళ్లు కావలసినవారు చంద్రగిరి కోటకు పోవలయును. తిరుమల ఆలయమున ఇరువురు దేవేరులతో నిలిచిన కృష్ణదేవరాయల ప్రతిమను చూడవలయును. అయినను కోట, సింహాసనము, దాయాదుల పోరు, రాజమాత శాసనము గల కథను ప్రేక్షకుడు చారిత్రక మహాగాథ రీతినే గ్రహించును. దానిని ఆ కొలతతోనే కొలుచుట న్యాయము.

పాశ్చాత్య దేశములలో 'డైరెక్టర్స్ కట్' అను సంప్రదాయము బాగుగా పాతుకొన్నది. నిర్మాణసంస్థ నిడివికి భయపడి కోయించిన భాగములను దర్శకుడు పిమ్మట తిరిగి చేర్చుకొనుట దాని సాధారణార్థము. రిడ్లీ స్కాట్ తీసిన 'కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్' ఇందుకు ప్రసిద్ధోదాహరణము. 2005లో ప్రదర్శనశాలలకు వచ్చినపుడు దాని నిడివి 2 గంటల 24 నిమిషములు. దర్శకుని కూర్పు 3 గంటలు దాటినది. పండ్రెండవ శతాబ్దపు జెరూసలేము కథ అది. మొదటి రూపమున రాణి సిబిల్లా ఏల అంతగా కృంగిపోయినదో తెలియదు. ఆమె కుమారుని కథ మొత్తము తొలగింపబడుటయే అందుకు కారణము. ఆ పసివాడు రాజగుట, మేనమామకువలెనే వానికిని కుష్ఠు సోకినదని బయటపడుట, తల్లి తన చేతులతోనే విషమిచ్చుట తిరిగి చేరగానే ఆమె దుఃఖమునకు ఆధారము దొరకినది. మొదట చిత్రమును మెచ్చనివారు పలువురు ఈ కూర్పు చూచి మాట మార్చుకొనిరి. ఆలివర్ స్టోన్ 'అలెగ్జాండర్' సంగతి వేరు. 2004 మొదలు 2014 వరకు దానికి నాలుగు రూపములు వెలువడినవి. ఆ గ్రీకు వీరుని ఆసియా దండయాత్రయే పదునొకండేండ్లు. దర్శకుని దండయాత్ర అంతకు ఒక్క యేడు మాత్రమే తక్కువ!

బాహుబలి విషయము ఈ రెంటికిని చెందదు. రాజమౌళి తాను తలచిన చిత్రమునే 2015లోను, 2017లోను ఇచ్చెను. కావున క్రొత్త కూర్పు పోయినదానిని తిరిగి తెచ్చుకొనుట కాదు. ఉన్నదానిని గూర్చి కర్తకు కలిగిన రెండవ ఆలోచన. అందును, వారు కలిపిరి, మనవాడు తీసివేసెను. రెండు భాగములును కలిసి సుమారు అయిదున్నర గంటలు; క్రొత్తది సుమారు 3 గంటల 45 నిమిషములు. తొలగించినవి ఏవియో విడుదలకు ముందు దర్శకుడే చెప్పెను. అవంతికా శివుల ప్రణయకథ, 'పచ్చబొట్టేసిన', 'మనోహరి', 'కన్నా నిదురించరా' అను మూడు పాటలు, యుద్ధఘట్టములలో కొంత భాగము.

తెలుగున ఇట్టి విచారణకు గీటురాయి 'కన్యాశుల్కము'. గురజాడ అప్పారావు దానిని 1897లో మొదట అచ్చువేయించెను. 1909లో వెలువడిన రెండవ కూర్పు పేరునకు సవరణయే గాని నిజమునకు నూతన రచన. అయిదంకములు ఏడైనవి. మొదటిదానిలో అంతగా పెరుగని మధురవాణి రెండవదానిలో నాటకమంతకును ఇరుసు వలె నిలిచినది. నేడు లోకము 'కన్యాశుల్కము' అన్నపుడు తలచునది రెండవదానినే. అది నిడివి పెరిగినందున గెలువలేదు. పాత్రలకు తమ బ్రతుకు, తమ బుద్ధి, తమ కారణములు ఏర్పడినందున గెలిచినది. సిబిల్లా విషయమునను జరిగినది ఇదే. సవరణ వలన పాత్రకు కారణము దొరకినదా, లేక ఉన్న కారణము పోయినదా యను ప్రశ్నతోనే బాహుబలిని పరిశీలింపవలయునని మా తలంపు.

అవంతిక యెవరు? బల్లాలదేవుని చెరలో సంకెళ్లతో మ్రగ్గుచున్న దేవసేనను విడిపించుటకు ప్రతిన పూనిన తిరుగుబాటుదారులలో ఒకతె. జలపాతము క్రింది గూడెమున పెరిగిన శివుడు పైనుండి పడిన ఆమె కొయ్యముసుగును చూచి, ఆ ముఖమును వెదకుచు కొండ యెక్కును. దేవసేనను విడిపించు పని ఆమె వంతునకు వచ్చినపుడు ఆ భారమును తాను స్వీకరించి మాహిష్మతికి పోవును. వలచిన యువతి మాట కొరకు పోయినవాడు విడిపించినది తన కన్నతల్లిని! ఈ సంగతి అతనికి తెలియదు, ప్రేక్షకునికి లీలగా తోచును. తొలి భాగమునకు ప్రాణము ఇచటనే యున్నదని మా అభిప్రాయము.

అయితే ఈ ప్రణయకథలో ఒక పెద్ద దోషము కలదు. కత్తి పట్టి పోరాడుచున్న అవంతికను లొంగదీసి, శివుడు బలవంతముగా ఆమె పైవస్త్రములు తొలగించి, కన్నులకు కాటుక, పెదవులకు రంగు దిద్ది, ఆమెకు ఆమె అందమును చూపు ఘట్టమది. స్త్రీ గౌరవమునకు అది భంగకరమని 2015లోనే కొందరు విమర్శకులు తీవ్రముగా ఖండించిరి. ఆ ఖండన న్యాయమైనదే. చిత్రకారులు దానిని శృంగారముగా భావించి యుండవచ్చును. చూచువారికి అది శృంగారాభాసము. క్రొత్త కూర్పున అది పోయినందుకు చింతించువారము కాము.

కాని అది ఒక్కటే పోలేదు. ప్రణయకథ అంతయు పోయి, దాని సారము కథకుని నోట కొన్ని వాక్యములుగా మిగిలినది. ధనంజయుని 'దశరూపకము' ఇందుకు చక్కని విభాగము చేసినది. నీరసమును, అనుచితమును అగు వస్తువును సూచించి విడువవలెను. మధురమును, ఉదాత్తమును, రసభావపూర్ణమును అగుదానిని రంగమున చూపవలెను. విష్కంభము, ప్రవేశకము మున్నగునవి మొదటిదాని కొరకు ఏర్పడినవే. ఈ సూత్రము ప్రకారము ఆ బలాత్కారపు అలంకరణ సూచ్యమగుటకు సయితము తగదు. అవంతిక ప్రతిన, శివుడు దానిని తనదిగా చేసికొనుట మాత్రము నిశ్చయముగా దృశ్యములు. దర్శకుడు రెంటిని ఒకే గాటకట్టి సూచ్యము చేసివేసెను. ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టుకొన్న సామెత గుర్తునకు వచ్చును. దోషము ఘట్టములో నుండగా శిక్ష పాత్రకు పడినది. ఆ స్త్రీకి అవమానము జరిగినదని మొరపెట్టినవారు ఆమెను కథనుండి వెళ్లగొట్టుమని కోరలేదు గదా!

ఫలితమేమన, శివుడు మాహిష్మతికి పోవుచున్నాడని మనకు తెలియును. పోక తప్పదని తోచదు. చెవితో విన్న కారణము కంటితో చూచిన కారణమంత బలమైనది కాదు. గురజాడ మధురవాణిని పెంచి నాటకమును పెంచెను. ఇచట అవంతికను తగ్గించుటచే తగ్గినవాడు శివుడే.

పాటలలో 'మనోహరి' పోవుట మేలే. దేశద్రోహి జాడ తెలిసికొనుటకు పోయిన రాకుమారుల నడుమ ఆ నృత్యము కథను ఆపుటయే గాని నడుపుట లేదు. 'కన్నా నిదురించరా' పోవుట మాత్రము మేము మెచ్చజాలము. కుంతల రాజగృహమున దేవసేన తనవారి నడుమ చిన్నికృష్ణుని ముందు పాడు జోలపాట అది. మాహిష్మతికి వచ్చిన తరువాత ఆమెకు దొరకినది ధిక్కారము, చెర, ప్రతీకారము. పుట్టింట ఆమె ఎట్లుండెనో చూపినది ఆ పాటయే. ఎం.ఎం. కీరవాణి బాణీ విడిగా వినవచ్చును. వినుట వేరు, ఆ ఇంటిలో ఆమెను చూచుట వేరు. రెండు స్త్రీపాత్రలకును కత్తెర ఒకే వైపునుండి తగిలినదని గమనింపక తప్పదు.

ఇక లాభపక్షము. కుదింపు వలన కాలకేయులతోడి యుద్ధము చురుకైనది. అది స్వల్పవిషయము. అసలు లాభము శివగామికి కలిగినది. 2015 నాటి చిత్రమున కాలకేయులు బందీలైన ప్రజలను అడ్డుగా నిలుపుదురు. బల్లాలదేవుడు వారి మీదుగనే దూసికొని పోవును. అమరేంద్ర బాహుబలి వారిని కాపాడి పిమ్మట శత్రువును ఎదుర్కొనును. ఆ దయను చూచి శివగామి తన కడుపున పుట్టినవానిని కాదని బాహుబలిని రాజుగా ప్రకటించును. 2017 నాటి చిత్రమున ఆమెయే అతని మరణమునకు శాసించును. రెండు ప్రకటనల నడుమ ఇరువది యొక్క మాసములు గడచుటచే మొదటిది ప్రేక్షకుని మనస్సున పలుచబడినది. ఇప్పుడు రెండును ఒక్క కూర్చొనుటలో వినవచ్చును. దయను గుర్తించి కిరీటమిచ్చిన గొంతే అనుమానమునకు లోబడి ప్రాణము తీయించును. ప్రారంభమున ప్రవాహముపై పసిబిడ్డను ఎత్తిపట్టిన ఆ చేయి ఎవరిదో మొదటనే తెలియును. ఏ పాపమునకు నిష్కృతిగా లేచినదో మూడు గంటలు గడచినగాని తెలియదు. విడివిడి చిత్రములలో ఇది ఇంత సూటిగా తాకలేదు. ఇది బాహుబలుల కథ యని పేరేగాని, నిజమునకు శివగామి కథ యని ఈ కూర్పు ఋజువు చేసినది. దర్శకుడు దీనినే ఉద్దేశించెనో లేదో చెప్పలేము. ఉద్దేశింపకున్నను లాభము లాభమే.

దీనికి ప్రతిగా పోయినది ఒకటి కలదు. కట్టప్ప బాహుబలిని ఏల చంపెనను ప్రశ్న రెండేండ్లకు దగ్గరగా దేశమంతట నలిగినది. బండ్ల మీదను, టీ కొట్ల వద్దను, ఎన్నికల హాస్యములలోను వినబడిన ప్రశ్న అది. ఆ నిరీక్షణ సయితము కృతిలో భాగమే. హరికథకుడు కథను మంచిపట్టున ఆపి, తక్కినది రేపని హారతి పుచ్చుకొన్న రాత్రులు ఎరిగినవారికి దీని విలువ తెలియును. ఒక్క సాయంకాలమున ప్రశ్నయు జవాబును దొరకిన క్రొత్త ప్రేక్షకునికి ఆ రుచి లేదు. దీనికి దర్శకుని తప్పు పట్టుట తగదు. ఆ కాలము తిరిగి వచ్చునది కాదు.

మొత్తము మీద మాహిష్మతిలో జరుగు కథ మెరుగైనది. మాహిష్మతికి చేరువరకు గల కథ కృశించినది. ఏది ఎక్కువ యని అడిగినచో, మేము శివగామి కొరకు క్రొత్తదానిని మరల చూచెదము గాని, దానిని పాతదాని స్థానమున నిలుపుటకు ఒప్పుకొనము.

ఈ 'స్థానమున నిలుపుట' యే మా అసలు భయము. 1957 నాటి 'మాయాబజారు'ను 2010లో రంగులద్ది విడుదల చేసినపుడు నిడివి తగ్గించిరి. దర్శకుడు కె.వి. రెడ్డి 1972లోనే గతించెను గాన ఆయనను అడుగు అవకాశము లేదు. అయినను నలుపు తెలుపుల ప్రతి నిలిచి యున్నందున నష్టము లేకపోయినది. పుస్తకముల విషయమున మనకీ బుద్ధి ఆలస్యముగ కలిగినది. రెండవ కన్యాశుల్కపు వెలుగులో మొదటిది ఏండ్ల తరబడి కనుమరుగైనది. బంగోరెగా ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి దానిని 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కము'గా తిరిగి అచ్చువేయించెను. తరువాతి కాలమున ఆయన ఈ తిరుపతి విశ్వవిద్యాలయముననే బ్రౌను రచనలపై కృషి చేసెను. ఆ పునర్ముద్రణ లేనిచో మధురవాణి ఎంత పెరిగినదో చెప్పుటకు మనకు కొలతయే యుండదు. అవంతిక ఎంత తగ్గినదో చెప్పుటకు రేపటివారికి 2015 నాటి ప్రతి చేతికందవలెను. రెండు భాగములను, క్రొత్త కూర్పును వేర్వేరు పేర్లతో, తేదీలతో భద్రపరచి, 'సవరించిన కూర్పు' అని మొదటి పలకముననే తెలుపుట నిర్మాతలకు భారమైన పని కాదు.

మేము విద్యార్థులకు చూపవలసి వచ్చినచో, ఆ అనుచితఘట్టమును విమర్శించుచునే, అవంతిక ప్రతిన వరకు పాత చిత్రమును చూపి, శివుడు కోట ద్వారము దాటిన పిమ్మట క్రొత్తదానికి మారుదుము. కుంతలము వచ్చినపుడు జోలపాటకై మరల పాతదానికి పోవుదుము. రెండు ప్రతులను ఇట్లు కలిపి మిశ్రపాఠము చేయువానిని మా తరగతిలో మేమే మందలింతుమని ఎరుగుదుము.