లక్ష్య లక్షణాల నడుమ: ఆచార్య ప్రేమలతా శర్మ

భారతీయ సంగీత చరిత్ర వ్రాయబూనిన వారికి మొదటనే ఒక చిక్కు ఎదురగును. చిత్రకళకు గోడలు మిగిలినవి. శిల్పానికి రాళ్లు మిగిలినవి. పాట మాత్రం పాడినవాని ఊపిరితోనే అంతరించినది. తరువాతి తరాలకు దక్కినది శిష్యుని గొంతు ఒకటి, శాస్త్రగ్రంథం మరొకటి. ఈ రెండింటికీ గల సంబంధం ఎట్టిది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటలోనే జీవితాన్ని వెచ్చించిన విదుషి ఆచార్య ప్రేమలతా శర్మ (1927–1998).

పంజాబులో పుట్టిన ఆమెకు కాశి కర్మభూమి అయినది. ఒకవైపు సంస్కృతాలంకార శాస్త్రం, మరొకవైపు పండిత ఓంకారనాథ్ ఠాకూర్ వద్ద గాత్రం. రెండింటిలోనూ ఆమె శిక్షణ కఠినమైనదే. 1950లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఠాకూర్ ఆధ్వర్యాన సంగీత కళాశాల వెలసినది. గురువు గ్రంథరచనలో ఆమె తోడ్పడ్డారు. 1966లో అక్కడనే సంగీతశాస్త్రానికి ప్రత్యేక శాఖ ఏర్పడగా దానికి ఆమె అధ్యక్షురాలైనారు. విద్యార్థులకు ఆమె ‘ఆచార్య’ కంటె ముందు ‘బహన్‌జీ’, అనగా అక్కగారు. ఆ పిలుపులో చనువు ఎంత ఉన్నదో భయభక్తులూ అంతే ఉన్నవి.

ఆమె కృషి విలువ తెలియవలెనంటే ఆనాటి వాదాన్ని కొంత ఎరిగి ఉండవలెను. విష్ణు నారాయణ భాత్‌ఖండే (1860–1936) హిందూస్థానీ రాగాలను పది థాట్లుగా వర్గీకరించి మహోపకారం చేశారు. అయితే భరతుని, శార్‌ఙ్గదేవుని గ్రంథాలు నేటి సంగీతానికి అక్కరకు రావని, వాటిలోని స్వరస్థానాలు తేల్చ వీలుకానివని ఆయన భావించారు. మరికొందరు దీనికి సరిగా వ్యతిరేకులు. నేటి ప్రతి రాగానికీ ప్రాచీన శ్లోకంలో ప్రమాణం చూపదలచిన వారు. ఒకరిది తెగతెంపులు, మరొకరిది బలవంతపు ముడి. ప్రేమలతా శర్మ ఈ రెండు మార్గాలనూ విడిచినారు. ప్రాచీన గ్రంథానికి దాని భాష దానికున్నది; గ్రామం, మూర్ఛన, జాతి అను మాటలను వాటి కాలపు అర్థంలో గ్రహించనిదే తీర్పు చెప్పరాదు. షడ్జాన్ని కదలని ఆధారంగా నిలుపుకొన్న నేటి చెవి, మూర్ఛనకొక ఆరంభ స్వరం గల ప్రాచీన పద్ధతిని తనకు తెలిసిన మేళమనుకొన్నచో పొరబడక తప్పదు.

ఈ దృష్టి ఆమె పరిష్కరణలలో స్పష్టపడుతుంది. మేవాడ ప్రభువు మహారాణా కుంభుని ‘సంగీతరాజ’ మొదటి సంపుటం 1963లో వెలువడినది. మతంగుని ‘బృహద్దేశి’ 1992, 1994 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా, ఆంగ్లానువాదంతో వచ్చినది. రాగానికి తొలి లక్షణం చెప్పిన ఈ గ్రంథం పూర్తిగా లభించలేదు. 1928లో తిరువనంతపురంలో అచ్చయిన పాఠంలో లోపాలు మెండు. కావున తరువాతివారు మతంగుని ఎక్కడెక్కడ ఉదాహరించిరో వెదకి పాఠాన్ని సరిచూడవలసి వచ్చినది. ఇక్కడ తెలుగువారు తలచుకొనదగిన విషయం ఒకటున్నది. ‘సంగీత రత్నాకరం’పై రాచకొండ ప్రభువు రేచర్ల సింగభూపాలుని పేర ప్రసిద్ధమైన ‘సుధాకర’ వ్యాఖ్య, విజయనగరంలో వెలసిన కల్లినాథుని ‘కళానిధి’ మతంగుని మాటలను భద్రపరచినవి. ఉత్తరాన కూర్చొని ప్రాచీన పాఠాన్ని శోధించే పండితురాలికి దక్షిణదేశపు వ్యాఖ్యాతలు దారి చూపిరి. సంగీతం ఉత్తరాది, దక్షిణాది అని రెండు పాయలైనను శాస్త్రం ఒకే నీటి నుండి పారినదనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఆర్. కె. శృంగీతో కలిసి ఆమె వెలువరించిన ‘సంగీత రత్నాకర’ ఆంగ్లానువాద సంపుటాలు (1978, 1989) అనువాదకులు ప్రత్యేకించి పఠించదగినవి. పారిభాషిక పదానికి సుళువైన పాశ్చాత్య పర్యాయం తగిలించి చేతులు దులుపుకొనుట అందులో కానరాదు. మాటను నిలిపి, అనువాదం పక్కన వివరణ చేర్చుట వారి పద్ధతి. 1986 నుండి ఆమె సంపాదకత్వాన వెలువడిన ‘ధ్రుపద’ వార్షికలో హిందీ వ్యాసానికి ఆంగ్ల సారాంశం, ఆంగ్ల వ్యాసానికి హిందీ సారాంశం తానే కూర్చి ఇచ్చేవారు. ఆంగ్లం తెలియని గాయకుడు, హిందీ రాని పరిశోధకుడు ఒకరి మాట ఒకరికి అందక పోరాదని ఆమె పట్టుదల. ఇది చిన్న పనివలె కనిపించును. సంపాదకులలో ఎందరు దీనికి పూనుకొందురు?

గ్రంథం గొంతులోనికి రానిదే ఆమెకు తృప్తి లేదు. నాట్యశాస్త్రంలోని ధ్రువాగానాన్ని సంస్కృత నాటక ప్రదర్శనలలో మరల పలికించుటకు శిష్యులతో కలిసి శ్రమించారు. అట్టి పునర్నిర్మాణంలో ఊహ పాలు తప్పదు. భరతుని కాలపు పాట ఇదేనని ఎవరూ ప్రమాణం చేయలేరు. కాని పాడి చూచినప్పుడే లక్షణంలోని ఖాళీలు బయటపడును. ప్రశ్న ఎక్కడ ఉన్నదో తెలియుట చరిత్రకారునికి సగం సమాధానం.

ఆమె కృషిలో కొరత లేకపోలేదు. ఆమె శక్తిలో అధికభాగం ఇతరుల గ్రంథాల పరిష్కరణకే వ్యయమైనది. ఠాకూర్ జయదేవ సింగ్ హిందీలో వ్రాసిన సంగీత చరిత్రను ఆయన అనంతరం సంపాదించి అచ్చు వేయించినది ఆమెయే. తన దృష్టిని ఆద్యంతం చూపే అట్టి చరిత్ర ఒకటి తాను వ్రాయలేదు. సంస్కృత మూలాలకు ఆమె ఇచ్చిన శ్రద్ధతో పోల్చినచో పారసీక గ్రంథాలకు దక్కిన చోటు స్వల్పం. హిందూస్థానీ సంగీత చరిత్రలో ఆ అధ్యాయం చిన్నది కాదు.

అయినను ఆచార్యుని గ్రంథాలు అల్మారాలో మాత్రమే ఉండవు. ధ్రుపద గాయకుడై శాస్త్రం బోధించిన ఋత్విక్ సన్యాల్, మద్రాసు విశ్వవిద్యాలయంలో సంగీతాచార్యుడైన ఎన్. రామనాథన్, ‘రత్నాకర’ాన్ని హిందీలోనికి తెచ్చిన సుభద్రా చౌధరి ఆమె శిష్యకోటిలోని వారు. ఒకరు పాడుదురు, ఒకరు బోధింతురు, ఒకరు అనువదింతురు. అక్కగారు వ్రాయక విడిచిన చరిత్రను ఈ మూడు పనులలో వెదకుకొనవలసి ఉన్నది.