పర్వతదర్శనము - విహారయాత్రావ్యాసము

అష్టాదశవర్ణనములలో శైలవర్ణన మొకటి యని లాక్షణికులు విధించినది మొదలు తెనుఁగుకవులు కొండలను వర్ణింపక విడువలేదు. ప్రబంధయుగము గడచిన పిమ్మటఁ గూడ నీ వర్ణనము నశింపలేదు. అది పాఠశాలలలోనికి దిగినది. ఏటేట విద్యార్థులు బృందములుగాఁ గొండలు చూడఁబోవుదురు. తిరిగివచ్చి విహారయాత్రావ్యాసము వ్రాయుదురు. ఆ వ్యాసము కళాశాలాపత్రికలో నచ్చుపడును. కృష్ణాతీరమున విజయవాడయం దీ యాచారము బలముగా నున్నది. తెల్లవాఱకమునుపే ఆటోనగరు వీధులు దాఁటిపోవు బస్సులు పిల్లలను అరకులోయకో శ్రీశైలమునకో కొండపల్లికో కొనిపోవును. ఇట్టి వ్యాసములను వాఙ్మయముగా నెంచి విమర్శింప నక్కఱలేదని పెద్దలు కొంద ఱందురు. అది సరికాదు. బాలుఁడు తన కన్నులతోఁ జూచినదానిని దన మాటలతో వ్రాయు మొదటి గద్యము తఱచుగా నిదియే. విమర్శ దీనికే ముందు కావలసియున్నది.

ఆ వ్యాసముల నడక యొక్కటియే. కోడికూఁతవేళ బయలుదేఱుట, బస్సులోఁ బాటలు, దారిలో నిడ్లీలు, కొండ కనఁబడఁగానే కన్నులపండువు, శిఖరమున మఱపురాని యనుభూతి, సాయంకాలము బరువెక్కిన హృదయములతో మరలివచ్చుట. పర్వతము పేరు తుడిచివేసి చదివినచో నది యే కొండయో చెప్పఁగలవాఁడు లేఁడు. ఈ పరీక్ష కఠినమైనదే. కాని యాత్రావ్యాసమున కింతకంటె నిక్కమైన పరీక్ష లేదు. బాలురు తాము చూచినది వ్రాయక, కొండను జూచినవారు వ్రాయవలసిన దని తాము వినియున్నది వ్రాయుచున్నారు. ఈ దోషమునకు మూలము ప్రబంధకవులే యని నేఁటి యధ్యాపకులలోఁ గొందఱి తలంపు. ఆ నేరమును బెద్దనపై మోపుటకు ముందు మనుచరిత్రమును మఱియొకసారి చదువవలసియున్నది.

తెనుఁగుకావ్యములలో విహారయాత్రయే కథకు బీజమైనది మనుచరిత్రము. అరుణాస్పదపురవాసి యగు ప్రవరుఁడు ఇల్లు కదలి యెఱుఁగఁడు. కాని తీర్థములు తిరిగినవారు కనఁబడినచో నెదురేఁగి, యింటికిఁ దోడ్కొనివచ్చి, భోజనము పెట్టి, వారు చూచిన దేశముల సంగతు లడుగును. ఈ యాసక్తి మెచ్చఁదగినది. పిమ్మట నొక సిద్ధుఁడు పాదలేప మిచ్చును. అది పూసికొని ప్రవరుఁడు తలఁచినంతలో హిమాలయమునఁ బడును. అచ్చటఁ బెద్దన వ్రాసిన మొదటిపద్యము సమాసముల వెల్లువ. సెలయేళ్ల మ్రోఁత మృదంగ మగును, దానికి నెమళ్లాడును, ఏనుఁగుల తొండములకుఁ జెట్లు కదలును. నాదమున దానికి సాటి లేదు. అయినను శీతశైల మను పేరొక్కటి మార్చినచో నా వర్ణనము వింధ్యమునకుఁ జెల్లును, మలయమునకుఁ జెల్లును. బాలుర వ్యాసము లనుకరించున దీ పద్యమునే. అందలి నాదము మాత్రము వానికి రాలేదు.

కాని పెద్దన యచ్చట నిలువలేదు. మధ్యాహ్న మగుటయుఁ బ్రవరుఁడు మిగిలిన వింతలను మఱునాఁడు చూచుకొందునని యింటికి మరలఁదలఁచును. ఇది యెల్ల కాలముల విహారయాత్రికుని మాటయే! అప్పు డతనికిఁ దెలియును, మంచునకుఁ బాదలేపము కరఁగిపోయినదని. ఈ పని మఱి యే కొండయుఁ జేయఁజాలదు. వింధ్యమున నడచినచో లేపము కాళ్లనే యుండెడిది, కథయే లేకపోయెడిది. పద్యములోని కొండ మార్పఁదగినది, కథలోని కొండ మార్పరానిది. పెద్దన ప్రతిభ సమాసములలోఁ గంటె నిచ్చట నెక్కుడుగాఁ గనఁబడుచున్నది. మఱియు, నడవక వచ్చినవానికి మరలిపోవు త్రోవ తెలియదు. ప్రవరుఁడు వరూధినిని జూచి మొదట నడిగినది సౌందర్యమును గూర్చి కాదు, ఊరి దారిని గూర్చి. కన్నులుండియుఁ ద్రోవ యడుగుట యేమని యామె పరిహసించును. ఆ పరిహాసమును శృంగారచేష్టగా మాత్రమే వ్యాఖ్యానించుట వాడుక. అది యాత్రికునిపై విమర్శ గూడ నగును.

నేఁటి పాదలేపము బస్సు. ఆటోనగరున నా లేపమును సిద్ధము చేయువారే యున్నారు. లారీలకుఁ గట్టడము కట్టు షెడ్లు, ఇంజనులు విప్పి బాగుచేయు కొట్లు, లేతుయంత్రముల శాలలు అచ్చటి వీధుల నిండ నున్నవి. కొండ నెక్కువఱకును బాటలతోఁ గాలము గడపి, దిగఁగానే ఫొటోలు తీసికొని మరలువానికిఁ ద్రోవలో నేయే యూళ్లు వచ్చెనో, రాయి యెచ్చట రంగు మాఱెనో, నీరెచ్చటఁ గఱవయ్యెనో తెలియదు. వ్యాసము రిక్తమగుట కిది ప్రబలకారణము. దీనికిఁ బెద్దన బాధ్యుఁడు కాఁడు, ఆయన హెచ్చరించినవాఁడు.

చీనాదేశమునఁ గొండలఁ జూచి గద్యము వ్రాయుట యొక ప్రత్యేకశాఖగాఁ బెరిగినది. 1587లోఁ బుట్టి 1641లో మరణించిన శ్యూ శ్యాకె యను యాత్రికుఁడు పర్వతములఁ దిరుగుటయే జీవితముగాఁ జేసికొని దినచర్యలు వ్రాసెను; హ్వాంగ్‌షాన్ పర్వతమును 1616లో నొకసారి, 1618లో మఱియొకసారి యెక్కెను. చూచిన కొండను దిరిగి చూచుట మన విద్యార్థులకుఁ దోఁచని పని. ఆయనకు దాదాపు వేయేండ్లకు ముందే చీనావిద్యార్థి యొకఁడు కృష్ణాతీరపుఁ గొండలకు వచ్చినాఁడు. ఆతఁడు హ్యుయన్‌త్సాంగు.

హ్యుయన్‌త్సాంగు బౌద్ధశాస్త్రములను మూలమున నభ్యసింప వచ్చినవాఁడు గనుక విద్యార్థి యనుట తగును. ఏడవశతాబ్ది పూర్వార్ధమున, నించుమించు 639 ప్రాంతమున, ధాన్యకటకదేశమునకు వచ్చెను. నగరమునకుఁ దూర్పునఁ గొండ నానుకొని పూర్వశైలసంఘారామము, పడమట నపరశైలసంఘారామము నున్నవని, పూర్వపురా జొకఁడు కొండచఱియను దొలిపించి పొడవైన వసారాలు కట్టించెనని, నూఱేండ్లుగా నందు భిక్షువులు వసింపకున్నారని, కొండదేవతలు రూపములు మార్చి బాటసారులను భయపెట్టుటయే దానికిఁ గారణమని వ్రాసెను. ఆ కొండలు బెజవాడవే యని ఫెర్గుసను మొదలగువారు వాదించిరి. అమరావతీ ధరణికోటల చెంతవని మఱికొందఱు వాదించిరి. వర్ణనము చాలనందుననే వివాద మేర్పడినదని యాక్షేపింపవచ్చును. సత్యమే. అయినను దిక్కులు చెప్పినాఁడు గనుకనే వాదించుటకు వీలు కలిగినది. విహారయాత్రావ్యాసములోని కొండ యెచ్చటిదని పండితు లెన్నఁడును వాదింపరు.

ఆయన చెప్పిన కథ యొకటి విద్యార్థుల పర్వతయాత్రను గూర్చినదే యనవచ్చును. భావవివేకుఁ డను నాచార్యుఁడు మైత్రేయుఁడు బుద్ధుఁ డగువఱకు నుండఁగోరి, నగరమునకు దక్షిణముననున్న కొండచఱియ యెదుట మంత్రము జపించెను. తుదకు మంత్రించిన యావలతోఁ గొట్టఁగా ఱాయి తెఱచికొనెను. చూడవచ్చిన జనము లెక్కకు మిక్కిలి. ఆచార్యుఁడు గుహాద్వారమున నిలిచి రండని ముమ్మాఱు పిలిచెను. అది సర్పముల పుట్ట యని వారు జంకిరి. ఆఱుగురు మాత్రము వెంటఁబోయిరి; వెనుక ఱాయి మూసికొనెను. ఈ కథను బౌద్ధపురాణముగాఁ ద్రోసివేయుట తేలిక. కాని చూడవచ్చినవారి సంఖ్యకును లోపలికిఁ బోయినవారి సంఖ్యకును గల యంతరమును హ్యుయన్‌త్సాంగు వ్యాఖ్య లేకయే విడిచినాఁడు. ఆ నిగ్రహము గద్యకారుల కాదర్శము. ఆయనయు నిచ్చట నూరక చూచి పోలేదు. కొన్ని నెలలు నిలిచి, యిద్దఱు భిక్షువులయొద్ద మహాసాంఘికుల యభిధర్మమును జదివెననియు, వారికిఁ దాను మహాయానమును జెప్పెననియు నాతని జీవితచరిత్రము తెలుపుచున్నది.

తెనుఁగున నిట్టి కన్ను గలవాఁడు ఏనుఁగుల వీరాస్వామి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండి 1830 మే 18వ తేదీని గాశికి బయలుదేఱి, 1831 సెప్టెంబరులో మరలివచ్చిన యీయన కాశీయాత్రచరిత్ర 1838లో నచ్చయ్యెను. దానిని మరలఁ బరిష్కరించి 1941లోఁ బ్రకటించినవారు బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావు. ఈ యూరివారు గర్వింపఁదగిన పని. వీరాస్వామి వాక్యము శిథిలము, భాష కలగలుపు. సౌందర్యవర్ణనమునం దాయన కభిరుచి తక్కువ, కొన్ని పుటలు పద్దుపుస్తకమువలె నుండును. అయిన నే మజిలీలో నీ రున్నదో, యెచ్చట నంగళ్లున్నవో, బాట రాళ్లదో యిసుకదో ఆయన విడువఁడు. వెనుక రాఁబోవు బాటసారికై వ్రాసెను. విద్యార్థులకుఁ బాఠముగా నుంచఁదగిన గద్య మిది. పెద్దన హిమాలయపద్యమును గంఠస్థము చేయించువారు దీనినిఁ గూడఁ గొన్ని పుటలు చదివింపవలెను.

విజయవాడ విద్యార్థులు కొండకై దూరము పోనక్కఱలేదు. ఇంద్రకీలాద్రి యెదుటనే యున్నది. ఆ కొండమీఁద మల్లేశ్వరస్వామియాలయమున యుద్ధమల్లుని శాసనము దొరకెను. మధ్యాక్కరలలో నున్న యా పద్యములను జయంతి రామయ్యపంతులు పరిష్కరించి ప్రకటించిరి. జాతర చూడ వచ్చిన చేబ్రోలు కుమారస్వామి యిచ్చటనే నిలిచిపోయెనని యా శాసనకవి చెప్పినాఁడు. దేవుని యాత్రను గూర్చి పద్యము చెప్పిన కొండ యిది! దుర్గాలయమునకుఁ బోవువారిలోఁ దఱచుగా విద్యార్థులే యుందురు; ఈ శాసనము మాట మాత్రము వారి వ్యాసములలోఁ గానరాదు. కొండ మొదట నక్కన్నమాదన్నల గుహలు, మొగల్రాజపురపు గుహలు, నది కావలియొడ్డున నాలుగంతస్తుల యుండవల్లి కలవు.

ఆటోనగరు బాలుఁ డీ గుహల నేమని వ్రాయఁగలఁడు? కవులకంటె మేలుగా వ్రాయఁగలఁడు. లేతుమీఁద నినుమును దఱుగుట చిన్ననాఁటనుండి చూచినవానికి ఉలిగుర్తు చదువవచ్చును. దెబ్బ యే వైపునుండి పడినదో, స్తంభమును ముందు విడిచి గోడను దొలిచిరో, గోడ పిమ్మట స్తంభమును దీర్చిరో చెప్పఁజాలును. ఉండవల్లి పై యంతస్తు పూర్తికాక నిలిచిపోయినది. పూర్తియైన గుడిలోఁ గానరాని పనివాని చేయి యచ్చటఁ గనఁబడును. కన్నులపండు వను మాట యచ్చట నక్కఱకు రాదు. ఉలి యెచ్చట నాఁగినదో యా చోటును వర్ణించినఁ జాలును. మొగల్రాజపురమైనచో ఆటోనగరునుండి నడచిపోవఁదగిన దూరముననే యున్నది.