చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా గడిగడికీ రెట్టిస్తూ 64 గడులూ నింపితే మొత్తం గింజలెన్ని? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. ఒకసారి చూసి రేపు అప్పజెప్పడం ఎవరితరం? పావులూరి మల్లన దీన్ని చంపకమాలలో పెట్టాడు. పద్యం నోటికొస్తే సంఖ్య నోటికొచ్చినట్టే. మహావీరాచార్యుల సంస్కృత గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన కవి ఆయన.

కిటుకు భూతసంఖ్యలది. చంద్రుడొక్కడే కనుక శశి అంటే 1. మన్మథుడి బాణాలు ఐదు కనుక శరం 5. కులపర్వతాలు ఏడు, అందుకని కొండకున్న ఏ పేరైనా 7. ఆకాశం శూన్యం, అంటే 0. పద్యంలో మొదటి మాట ఒకట్ల స్థానం. అక్కణ్ణుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి.

ఇప్పుడు మొదటి పాదం దగ్గర కాస్త ఆగుదాం. పద్యం శరంతో, అంటే 5తో మొదలవుతుంది. చంపకమాలకు పదకొండో అక్షరం యతిస్థానం. సరిగ్గా అక్కడ మళ్లీ 5 పడింది. శర అందామంటే రెండూ లఘువులే, అక్కడ గురువు కావాలి. మల్లన సాయక అన్నాడు. అదీ బాణమే. సా గురువైంది, శకారంతో యతిమైత్రీ కుదిరింది. లెక్క చెడలేదు, ఛందస్సూ చెడలేదు. సంఖ్యలో 4 నాలుగుసార్లు వస్తుంది. అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య అని నాలుగు చోట్లా నాలుగు పేర్లు! ఇంత పదసంపద ఉన్నవాడికే ఈ పని సాధ్యం.

దీన్ని కవి చమత్కారమని వదిలేయడం అన్యాయం. తాటాకు మీద 7 కాస్తా 1 అయితే చదివేవాడికి అనుమానమే రాదు. పద్యంలో మాట మారితే మాత్రం చాలాసార్లు గణమో యతో తప్పి, తెలిసిన చెవికి ఇట్టే దొరికిపోతుంది. రాతలో పొరపాట్లు పట్టే కాపలా అది.

ఈ సంఖ్య కోసం 64 గడులూ కూడనక్కర్లేదు. 2ను వర్గం చేస్తే 4, దాన్ని వర్గం చేస్తే 16, ఆపైన 256, 65536, 4294967296. ఆరోసారి వర్గం చేసి ఒకటి తీసేస్తే చాలు. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం ఇది. వీటిలో 641కి ఒక కథ ఉంది. 4294967297 ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. అది 641తో భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ తేల్చాడు. నేటి కంప్యూటర్లలో గుర్తు లేకుండా 64 బిట్లలో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్య కూడా మల్లన సంఖ్యే.

లెక్కల మాస్టార్లూ, తెలుగు మాస్టార్లూ! ఒక్క పూట కలిసి కూర్చుని ఈ పద్యాన్ని పిల్లల చేత విప్పించండి. ఇరవై అంకెలూ కూడితే 87 రావాలి.