కొండ మీంచా, కొండ కిందుగానా

యూరప్ వెళ్దామనుకున్న ప్రతి ఇంట్లోనూ ఒక చర్చ తప్పదు. ప్యాకేజీ బస్సా, విమానాలా, రైళ్ళా? ఖర్చు, పెట్టెలు, పిల్లల ఆకలి, పెద్దవాళ్ళ మోకాళ్ళు అన్నీ ఆ చర్చలోకి వస్తాయి. రావాలి కూడా. కానీ రైలే అని తేలాక కూడా అసలు ప్రశ్న మిగిలిపోతుంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. ఏ రైలు?

జ్యూరిక్ నుంచి మిలాన్ వెళ్ళే వేగవంతమైన రైలు గోథార్డ్ బేస్ సొరంగంలో దూరుతుంది. 2016లో తెరిచిన ఈ సొరంగం పొడవు 57 కిలోమీటర్లు. ప్రపంచంలో ఇంతకన్నా పొడవైన రైలు సొరంగం లేదు. దాదాపు ఇరవై నిమిషాలు కిటికీ అద్దంలో మన మొహమే మనకు కనబడుతుంది. బయటపడేసరికి స్టేషన్ బోర్డుల మీద జర్మన్ పోయి ఇటాలియన్ వచ్చేసి ఉంటుంది. ఆల్ప్స్ దాటామని టికెట్ చెబితే నమ్మాలి. ఇంజనీర్ల గొప్పతనాన్ని కాదనను. రసికుడికి మాత్రం ఇది పద్యం వదిలేసి తాత్పర్యం చదువుకున్నట్టే.

ఆ సొరంగానికి చాలా పైన 1882 నాటి పాత గోథార్డ్ లైను ఇంకా నడుస్తోంది. దాని మీద వాసెన్ అనే ఊళ్ళో గుట్టమీద ఒక తెల్లని చర్చి ఉంది. ఉత్తరం నుంచి వచ్చే రైలు కొండ కడుపులో మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది కాబట్టి ఆ చర్చి మూడుసార్లు దర్శనమిస్తుంది. మొదటిసారి తలెత్తి చూడాలి, రెండోసారి ఇంచుమించు ఎదురుగా ఉంటుంది, మూడోసారి కిందికి చూడాలి. చర్చి ఉన్నచోటే ఉంది, పెరిగింది మన ఎత్తు. కంటికి ఆనని ఎత్తును ఇలా కళ్ళకు కట్టించిన శిల్పం నాకు కావ్యాల్లో కూడా అరుదుగా తగిలింది. తమాషా ఏమిటంటే, అందం కోసం ఎవరూ ఈ దారి వేయలేదు. ఆ రోజుల ఇంజను ఎక్కగలిగేంత వాలు కావాలంటే దారిని సాగదీయాలి, అందుకని సాగదీశారు.

ఈ సాగదీతే పూర్తి కావ్యమైన చోటు ఇంకొంచెం తూర్పున, గ్రౌబ్యుండెన్ కొండల్లో ఉంది. తూజిస్ నుంచి సెయింట్ మోరిట్జ్ మీదుగా ఇటలీలోని తిరానో దాకా రేటియన్ రైల్వే వారి మీటర్ గేజి దారి అది. ఆల్బులా, బెర్నినా అని అందులో రెండు భాగాలు. మన డార్జిలింగ్ బుల్లి రైలుకు 1999లో వచ్చిన ప్రపంచ వారసత్వ గుర్తింపు దీనికి 2008లో వచ్చింది.

మనలో చాలామందికి స్విట్జర్లాండ్ సినిమా పాటల్లోనే పరిచయం. పల్లవికి పచ్చిక, చరణానికి మంచు, ఆ రెంటికీ మధ్య ఒక కట్. హీరో హీరోయిన్లు అక్కణ్ణుంచి ఇక్కడికి ఎలా వచ్చారో ఏ పాటా చెప్పదు. ఆ కట్‌లో పోయినదంతా ఈ రైలు తిరిగి ఇస్తుంది. పచ్చిక ఎక్కడ పలచబడిందో, చెట్లు ఏ ఎత్తులో ఆగిపోయాయో, రాయి ఎక్కడ మొదలైందో, రాయి మీద మంచు ఎక్కడ నిలిచిందో వరసగా, తొందర లేకుండా చూపిస్తుంది.

ఫిలిజూర్ ఊరికి ముందు లాండ్‌వాసర్ వంతెన వస్తుంది. కిందనుంచి 65 మీటర్ల ఎత్తు, ఆరు కమానులు, బూడిదరంగు రాయి. 1902లో పూర్తయింది. బయట పరంజా కట్టకుండా, స్తంభాల లోపల ఇనుప బురుజులు నిలబెట్టి, వాటిమీద క్రేన్లు పెట్టి రాయి మీద రాయి పేర్చారు. వంతెన వంపు తిరిగి ఉంటుంది కనుక లోపలి వైపు కూర్చున్నవాళ్ళకు తమ రైలు ఇంజనే ముందు గాల్లో నడుస్తూ కనిపిస్తుంది. అబ్బ అనుకునేలోపే వంతెన నిట్టనిలువు కొండగోడకు తగులుతుంది, రైలు అందులోని సొరంగంలో మాయమవుతుంది. రసం నిండిన క్షణంలో తెర దించేయడం ఎవరికో బాగా తెలుసనిపిస్తుంది. అక్కడ ఒక్క నిమిషం ఎక్కువ ఆగినా ఫొటోల గోల మొదలై ఆ అనుభవం చెడిపోయేది.

ఆ పైన ఒస్పీజియో బెర్నినా స్టేషన్, 2,253 మీటర్ల ఎత్తు. దగ్గర్లో రెండు సరస్సులు పక్కపక్కనే ఉంటాయి. పేర్లకు తగ్గట్టే ఒకటి నల్లది, ఒకటి తెల్లది. హిమనదం కొండను అరగదీసిన పిండి కలిసి తెల్లసరస్సు పాలు విరిగిన రంగులో ఉంటుంది. నల్లసరస్సు నీళ్ళు డాన్యూబ్‌లో కలిసి నల్లసముద్రానికి పోతాయి, తెల్లసరస్సు నీళ్ళు పో నది ద్వారా ఏడ్రియాటిక్‌కు. ఖండం నీళ్ళు విడిపోయే ఆ గట్టు మీద రైలు ఏ హడావిడీ చేయకుండా నడిచిపోతుంది. ఇంత పెద్ద సంగతిని ఇంత మామూలుగా చెప్పి ఊరుకోవడమే ధ్వని అంటే.

అక్కణ్ణుంచి నలభై కిలోమీటర్ల లోపు దూరంలో 1,824 మీటర్లు దిగాలి. ఇంజను పళ్ళచక్రం పట్టుకునే పళ్ళ పట్టా సాయం లేదు. కొన్నిచోట్ల వెయ్యి మీటర్లకు డెబ్భై మీటర్ల వాలు, ఉక్కు మీద ఉక్కు పట్టు ఒక్కటే ఆధారం. ఆల్ప్ గ్ర్యూమ్ స్టేషన్ దగ్గర కింద పోస్కియావో లోయ కనిపిస్తుంది. ఆ తర్వాత మలుపు మలుపుకూ అదే లోయ కాస్త దగ్గరవుతుంది. బ్రూసియో ఊరవతల దిగడానికి చోటు చాలక తొమ్మిది కమానుల రాతివంతెన మీద రైలు గుండ్రంగా ఒక చుట్టు చుట్టి తన వంతెన కిందనుంచే బయటికి వస్తుంది. పెట్టెలో పెద్దవాళ్ళు కూడా లేచి రెండోవైపు కిటికీకి పరుగెడతారు. లాండ్‌వాసర్‌లో అద్భుతం ఉంటే ఇక్కడున్నది హాస్యం. అంతసేపటి గంభీరత తర్వాత అది రావడంలోనే ఔచిత్యం.

బెర్నినా ఎక్స్‌ప్రెస్ అనే ప్రత్యేక రైలుకు పైకప్పు దాకా వంగిన పెద్ద అద్దాలుంటాయి, సీటు రిజర్వేషన్ తప్పనిసరి. అదే పట్టాల మీద మామూలు రైళ్ళూ తిరుగుతాయి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, కొన్ని పెట్టెల్లో కిటికీ దించుకోవచ్చు. అరకు దారిలో విస్టాడోమ్ అద్దాల పెట్టెలోనూ, కిరండూల్ పాసింజర్‌లోనూ ఎక్కినవాళ్ళకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. నా ఓటు మామూలు రైలుకే. చలిగాలి మొహానికి కొట్టకుండా హిమనదాన్ని చూడటం నాకు సగం చూపు. పైగా మబ్బు కమ్మితే ఈ దారిలో ఏమీ కనబడదు, ముందే కొన్న సీటుకు ఆ సంగతి తెలియదు. మామూలు రైలైతే కాఫీ తాగుతూ తర్వాతి దాని కోసం ఆగొచ్చు.

చివరికి తిరానో. రైలు వీధిలోకి వచ్చేస్తుంది, కార్ల పక్కన, బసిలికా ముందునుంచి నడుస్తుంది. చుట్టూ కొండవాలున మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. పక్క స్టేషన్‌లో మిలాన్ రైలు సిద్ధంగా ఉంటుంది, కోమో సరస్సు ఒడ్డు వెంబడి సుమారు రెండున్నర గంటల దారి.

అందుకని యూరప్‌కు రైలు తగునా అని అడిగినవాళ్ళకు నా ఎదురు ప్రశ్న ఇదే: మీ జాబితాలో ఎన్ని నగరాలున్నాయి? వారంలో పారిస్, ఆంస్టర్‌డాం, రోమ్ మూడూ చూసి రావాలంటే విమానమో, గోథార్డ్ సొరంగం రైలో ఎక్కండి, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. అలాంటి ప్రయాణంలోకి బెర్నినాను ఇరికిస్తే గడియారం చూసుకుంటూ కూర్చోవడమే అవుతుంది. జాబితాలోంచి ఒక నగరం కొట్టేయగలిగితే మాత్రం ఆ రోజు దీనికి ఇవ్వండి. పెద్ద పెట్టెలు మిలాన్ హోటల్‌కు ముందే చేరేలా చూసుకుని, భుజాన ఒక సంచీతో, ఈ రైలు బయల్దేరే కూర్ ఊళ్ళో పొద్దున్నే ఎక్కండి.