గంటల ఖరీదు

క్రోషె కుట్టే యంత్రం ఇప్పటికీ మార్కెట్లోకి రాలేదు. స్వెట్టర్లు అల్లే యంత్రాలున్నాయి. చూడ్డానికి క్రోషెలాగే ఉండే లేసుని గజాల కొద్దీ దించే యంత్రాలూ ఉన్నాయి. కొక్కెం సూదితో ఒక ముడిలోంచి ఇంకో ముడి లాగుతూ, ఎటు తిరగాలో అక్కడికక్కడ చూసుకుంటూ పోయే అసలు పని మాత్రం మనిషి వేళ్లే చెయ్యాలి. అందుకే ఆన్‌లైన్లో వంద రూపాయలకి కనబడే క్రోషె సంచీ నిజమైనదే అయితే, దాన్ని ఎక్కడో ఒక మనిషి కూర్చుని అల్లి ఉండాలి. ఈ సంగతి తెలిసినప్పట్నుంచి చవక ధర చూస్తే నాకు సంతోషం కలగదు, ఆ మనిషికి ఎంత ముట్టిందో అనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న మా బారువలో అమ్మల కాలంలో రేడియో మీద, ట్రేలో పరిచే గుడ్డలకి క్రోషె అంచులు కుట్టేవారు. నడుమ చాలాకాలం ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు యూట్యూబు చూసి పొద్దుతిరుగుడు పువ్వులు, జడ రబ్బర్లు, ఫోను సంచులు, అమిగురుమి అనే జపాను పద్ధతి బొమ్మలు అల్లుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి అమ్ముతున్నారు. వాళ్లలో ఒక గుంట మొన్న తాబేలు బొమ్మ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"అప్పా, దీనికెంత సెప్పమంటావు? నూటయాభై అంటే కొంతారేటి?"

దారానికి ఎంతయిందంటే పైసలతో సహా చెప్పింది. ఎంతసేపు పట్టిందంటే నవ్వింది. "టీవీ సూస్తూ అల్లినాను కదా, దానికి లెక్కేటి?"

ఆ జవాబు నాకు పాతదే. నరసాపురంలో నూరేళ్లకు పైగా వినబడిన జవాబు అది. అక్కడ క్రోషె 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. గోదావరి పల్లెల ఆడవాళ్లు అల్లిన లేసు ఓడలెక్కి యూరప్ దేశాల బల్లల మీద పరుచుకుంది. జర్మనీకి చెందిన మారియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో ఆ ఇళ్లలో తిరిగి ఒక అధ్యయనం చేశారు. 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పేరుతో అది పుస్తకంగా వచ్చింది. ఇంటిపని అంతా చేసుకుంటూనే వాళ్లు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారనీ, చేతికొచ్చేది మాత్రం వ్యవసాయ కూలికి నిర్ణయించిన కనీస వేతనంలో మూడో వంతు కూడా ఉండేది కాదనీ ఆమె రాశారు. కారణం కూడా చెప్పారు. వీళ్లు గృహిణులు, తీరిక వేళలో చేసుకునే పని ఇది అని వ్యాపారులు అనేవారు. ఇంట్లో మగవాళ్లూ అదే అనేవారు. చివరికి అల్లేవాళ్లూ అదే నమ్మారు. దారం ఇచ్చి వెళ్లే ఏజెంటు, అతని మీద వ్యాపారి, ఆ పైన ఎగుమతిదారు. గడప దాటని మనిషికి తన లేసు ఏ దేశంలో ఎంతకి అమ్ముడైందో తెలిసే దారి లేదు.

ఆ తర్వాత నరసాపురం కొంత మారింది. సీతారామపురంలో లేస్ పార్కు వచ్చింది, ఆడవాళ్ల సంఘాలు వచ్చాయి, 2024లో నరసాపురం క్రోషె లేసుకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, దొరికింది. నాకు చాలా సంతోషమైన విషయం. పేరు కాపాడుకోవడానికి చట్టం ఉంది. గంటలు కాపాడుకోవడానికి మాత్రం అల్లే మనిషి తప్ప వేరే దిక్కు లేదు.

మా బారువ ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేల మట్టమయ్యాయి. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకొచ్చేదాకా ఏళ్లు ఎదురుచూడాలి. ఇక్కడ ఎక్కువగా కనబడే కిడ్నీ జబ్బుతో ఇంట్లో ఒకరు డయాలసిస్‌కి తిరుగుతుంటే ఆడవాళ్లు దూరం పనికి వెళ్లలేరు. అలాంటి ఇంటికి ఒక సూది, ఒక దారపు ఉండ, ఒక ఫోను పెద్ద ఆసరా. కానీ బయటికి వెళ్లలేని మనిషే ఎంతిచ్చినా చాలంటుంది. నరసాపురంలో జరిగింది అదే. పలాస ఫ్యాక్టరీల్లో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లకి కిలో లెక్కన ఎంత రావాలో నోటికొచ్చు. ఆ మనిషే ఇంటికొచ్చి సూది పట్టుకుంటే లెక్క మానేస్తుంది.

అందుకే ఆ పిల్లని కూర్చోబెట్టి కాగితం తీశాను. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఎనిమిది గంటలకి భాగిస్తే గంటకి సుమారు 38. తాబేలు అల్లడానికి నాలుగు గంటలనుకుంటే 153. దారం, లోపల కూరే దూది 75. అట్టపెట్టె, చీటీ 20. ఫొటో తియ్యడం, "అందుబాటులో ఉందా" అని అడిగిన పదిమందికి జవాబివ్వడం, పోస్టాఫీసుకి వెళ్లి రావడం కలిపి ఇంకో గంట, అదీ పనే, 38. మొత్తం 286. పోస్టు ఖర్చు వేరు. నూటయాభైకి అమ్మితే కొన్నవాళ్లకి తనే ఎదురు డబ్బిచ్చినట్టు. కూలి రేటే వేసుకున్నాం, పనితనానికి ఇంకా ఏమీ వెయ్యలేదు. ఆ పిల్ల కాగితం వంక చాలాసేపు చూసింది.

కాగితాల సంగతి కొంత ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందార్లు కూడా పాన్ కార్డుతో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, సొంత రాష్ట్రం లోపల పెద్ద వెబ్‌సైట్ల మీద వస్తువులు అమ్ముకోవచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్లని నమ్మొద్దు. బొమ్మలు చేసేవాళ్లకి ఇంకొక్క ముఖ్యమైన మాట. 2021 జనవరి నుంచి 14 ఏళ్లలోపు పిల్లలాడుకునే బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తామే చేసి అమ్మే బొమ్మలకి మినహాయింపు ఉంది. కాబట్టి బొమ్మల జోలికి వెళ్లేముందు ఆ నమోదు కార్డు సంపాదించాలి. పసిపిల్లల బొమ్మకి ప్లాస్టిక్ కళ్లు వద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. నల్లదారంతో కుట్టెయ్యాలి.

ఆ పిల్ల తాబేలుని ఎంచుకోవడం మాత్రం నాకు ఎంతో నచ్చింది. పొద్దుతిరుగుడు పువ్వు ఎవరైనా అల్లుతారు, ఫోనులో వెతికితే వేలకొద్దీ కనబడతాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఏటా గుడ్లు పెట్టడానికి మా తీరానికి వస్తాయి. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి హేచరీలో పాతితే, నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు పైకొస్తాయి. 2025 ఏప్రిల్లో బారువ బీచ్ ఫెస్టివల్లో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం చాలామంది చూశారు. పెద్ద తాబేళ్లని కళ్లారా చూసిన మనిషి అల్లితేనే ముందు రెక్కలు వెనకవాటికన్నా పొడుగ్గా వస్తాయి, డిప్ప పచ్చ బూడిద కలిసిన ఆ మసక రంగులో వస్తుంది. అల్లిక పెద్ద కష్టం కాదు. ఆరు కుట్లతో సున్నా చుట్టి, ప్రతి వరసకీ ఆరు పెంచుతూ పన్నెండు, పద్దెనిమిది, ఇరవైనాలుగు అని వెళ్లి, పెంచడం ఆపితే డిప్ప తనంతట తనే వంపు తిరుగుతుంది. కుట్లు బిగువుగా ఉండాలి, లేకపోతే దూది బయటికి కనిపిస్తుంది. సముద్రపు గాలికి ఉక్కు సూదులు తుప్పు పట్టి తెల్లదారానికి మరకలంటిస్తాయి. అల్యూమినియం సూది కొనుక్కోమన్నాను. ఫొటో పొద్దున్నే మన ఇసకలోనే తియ్యమన్నాను. చీటీని మా కొబ్బరి పీచు తాడుతో కట్టమన్నాను. ఈ బొమ్మ ఏ ఊరిదో కొన్నవాళ్లకి తెలియాలి.

చేతి అల్లిక కొనే మీకు ఒక విన్నపం. "ఆన్‌లైన్లో దీనికి సగం ధరే" అని బేరం మొదలుపెట్టేముందు, "ఇది అల్లడానికి ఎన్ని గంటలు పట్టిందమ్మా" అని అడగండి. అల్లే చెల్లెళ్లకి చెప్పేది కూడా అదే. సూది పట్టినప్పుడు ఒక పుస్తకంలో టైము రాసుకోండి, దించినప్పుడు రాసుకోండి. టీవీ నడుస్తున్నా సరే రాసుకోండి. ఆ పుస్తకం చూడకుండా ఎవరికీ ధర చెప్పకండి.