బళ్ళారి రాఘవ: రంగస్థలానికీ వెండితెరకూ నడుమ

బళ్ళారి రాఘవను గురించి వ్రాసినవారిలో పెక్కుమంది, ఆయనను మెచ్చుకొన్న మహనీయుల పేర్లతోనే ప్రారంభిస్తారు. 1927లో ‘దీనబంధు కబీర్’ హిందీ నాటకాన్ని గాంధీజీ చూచారు. మరుసటి ఏడు రాఘవ ఇంగ్లండు వెళ్ళి అక్కడి నాటకరంగాన్ని పరిశీలించి వచ్చారు. ఇవి గర్వించదగినవే. కాని ప్రశంసాపత్రాలను బట్టి నటుని తూచడం విమర్శ అనిపించుకోదు. రాఘవ తెలుగు రంగస్థలం మీద దేనిని మార్చదలచారు, ఆ మార్పు వెండితెరకు ఎందుకు చేరలేదు అన్నవి అసలు ప్రశ్నలు.

1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించిన రాఘవాచార్యులు బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడ్డారు. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకొన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. మేనమామ నాటకంలోకి పద్యాలను, పాటలను తెచ్చారు; మేనల్లుడు ఆ రాగాలాపనకు కళ్ళెం వేయబూనారు. ‘వన్స్ మోర్’ కేకలకు మరణించిన పాత్ర సైతం లేచి పద్యం మళ్ళీ పాడే రోజులవి. పద్యం పాత్ర మనసులో నుంచి రావాలే గాని హార్మోనియం పెట్టెలో నుంచి కాదన్నట్టుగా సాగింది రాఘవ నటన. కోలాచలం శ్రీనివాసరావు ‘రామరాజు చరిత్ర’లోని పఠాను రుస్తుం పాత్రకు ఆయన తెచ్చిన ప్రఖ్యాతి గానబలం వల్ల వచ్చినది కాదు. ఒథెల్లో, షైలాక్ వంటి షేక్‌స్పియర్ పాత్రలతో ఆయన చేసిన సాధన ఇందుకు తోడ్పడి ఉండాలి.

స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని ఆయన పట్టుబట్టడం ఈ దృష్టికి కొనసాగింపే. స్త్రీ పాత్రధారణతోనే స్థానం నరసింహారావు జనాన్ని సమ్మోహితులను చేస్తున్న కాలంలో ఇది చిన్న సాహసం కాదు. స్థానం ప్రతిభను ఎవరూ కాదనలేరు. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించడం సముచితమే. అయితే సమకాలీన కుటుంబ జీవితాన్ని చిత్రించే నాటకానికి రాఘవ మార్గమే శరణ్యం. రాజమన్నార్ ‘తప్పెవరిది’ నాటకాన్ని ఆయన నటీమణులతో ప్రదర్శించి ఆ సంగతి నిరూపించారు. ఆ రచయితే అనంతరం మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానూ, సంగీత నాటక అకాడమీ తొలి అధ్యక్షునిగానూ ప్రసిద్ధులైనారు.

ఒక మాట మాత్రం దాచనక్కరలేదు. రాఘవకు జీవనాధారం న్యాయవాద వృత్తి, నాటకం కాదు. టిక్కెట్ల రాబడిపై ఆధారపడిన కంపెనీ నటుడు పద్యాన్ని కుదించి పొట్ట పోసుకోగలిగేవాడా? ఆయన సంస్కరణను కొనియాడేవారు ఈ వ్యత్యాసాన్ని తరచుగా విస్మరిస్తారు.

1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనునిగా తెర మీదికి వచ్చేనాటికి ఆయన వయస్సు యాభై ఆరు. కెమెరాకు కావలసినది సరిగ్గా ఆయన అభ్యసించిన మితమైన నటనే. అయినా నాటి టాకీ పద్యనాటకాన్నే తెరకెక్కించింది. ఆయన రంగస్థలం మీద దేనిని ఎదిరించారో అదే స్టూడియోలో ఎదురైంది. అదే ఏడు అదే కథతో ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ కూడా పోటీగా విడుదలై ప్రేక్షకాదరణ పొందింది. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ (1939)లో కిరీటం లేని రైతు పాత్ర లభించినప్పుడు గాని ఆయనకు తగిన నేల దొరకలేదు. ‘చండిక’ (1940) తరువాత ఆయన సినిమా జీవితం ముందుకు సాగలేదు. తెలుగు చిత్రం పురాణాన్ని వదలి పల్లెను చూడడం మరికొంత ముందుగా మొదలైతే, ఆయన నటనకు సాక్ష్యం నేడు ఇంత స్వల్పంగా ఉండేది కాదు.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. కాకతాళీయంగా అది కందుకూరి వీరేశలింగం జన్మదినం. తెలుగు నాటకరంగ దినోత్సవంగా ఆంధ్రప్రదేశ్‌లో జరుపుకొంటున్నదీ ఆ రోజునే. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అయినా ఆ ఊరిలో రాఘవ కళామందిరం తెలుగు, కన్నడ భాషలవారికి ఉమ్మడి చిరునామాగా నిలిచి ఉన్నది. అండమాన్‌లోని సిప్పీఘాట్ వంటి దూరప్రాంతంలో నివసించే తెలుగు పాఠకునికి మాత్రం ఆయనను చేరడానికి మిగిలిన దారి ఆ మూడు చిత్రాల పేర్లు, కొన్ని ఛాయాచిత్రాలు, 1981లో తపాలా శాఖ వెలువరించిన స్మారక బిళ్ళ.