రెండో ప్రమాద హెచ్చరిక

ల్యాబుల వాళ్లకు ఓ విన్నపం రాద్దామని కూర్చున్నాను. పొద్దుపోయాక రిపోర్టులు పంపకండి బాబూ అని. ఈ సోమవారం అందరూ పడుకున్నాక నాది వాట్సాప్‌లో వచ్చి పడింది. ప్రోస్టేట్ క్యాన్సర్ జాడ చెప్పే పీఎస్‌ఏ 1.4. పక్కనే మామూలు పరిధి 0 నుంచి 4. దానికి ఏ గుర్తూ లేదు. కింద టెస్టోస్టిరాన్ 18, దానికి మాత్రం బొద్దుగా ‘ఎల్’ తగిలించారు.

తెల్లారేసరికి మా బావమరిది ఫోను. “బావా, క్యాన్సర్ నార్మల్‌కొచ్చేసిందటగా! ఆ రెండోదే మరీ పడిపోయిందట. డాక్టరుగారినడిగి టానిక్ రాయించుకో.”

సరిగ్గా తలకిందులు. ఆ రెండోది పడిపోవడానికే కదా మూడు నెలలకోసారి సూది పొడిపించుకుంటున్నాను! పురుష హార్మోన్‌ను అణిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని 1941లో షికాగోలో చార్లెస్ హగిన్స్ చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. అది 50కి దిగువన ఉంటేనే సూది పనిచేస్తున్నట్టు లెక్క. ల్యాబు కంప్యూటరుకు ఈ గొడవేం తెలుసు? దానికి నేను నీరసించిన మగాణ్ణి, అంతే. పైగా ఇదే 18ని ఇంకో ల్యాబు 0.18 అని వేస్తుంది, మరొకటి 0.62 అంటుంది. యూనిట్లు వేరు, రక్తం అదే. ఒకే ల్యాబులో చేయించుకోండర్రా అని నేను పదేపదే పాడే పాట విసుగనిపిస్తే క్షమించాలి, మళ్లీ పాడతాను. కొన్ని మెషీన్లలో జుట్టు కోసం మింగే బయోటిన్ మాత్ర కూడా అంకెల్ని తారుమారు చేయగలదు. నా తలకు దాని అవసరం ఎప్పుడో తీరిపోయిందనుకోండి.

ఇక పీఎస్‌ఏ. ఆ 0 నుంచి 4 అన్నది చికిత్స ముట్టని మగవాళ్ల పరిధి. నాలాంటి వాడికి పోలిక తన పాత అంకెలతోనే. మందుల మీద నాది దిగిన కనిష్ఠం 0.3. అక్కణ్నుంచి 1.4కి వస్తే నార్మల్ ఎలా అవుతుంది? పోనీ రోగం తిరగబెట్టిందా? అదీ అనలేం. మందుల ప్రయోగాల కోసం 2016లో నిపుణులు రాసుకున్న లెక్క ప్రకారం కనిష్ఠం మీద పావు వంతు పెరగాలి, ఆ పెరుగుదల కనీసం 2 ఉండాలి, మూడు వారాలు పోయాక మళ్లీ చేసినా అది నిలబడాలి. నాది 1.1 పెరిగింది. అటు సంబరానికీ పనికిరాదు, ఇటు ఏడుపుకీ చాలదు.

మా అల్లుడు గ్రాఫ్ గీశాడు. కింద సున్నా, పైన 1.5 పెట్టేసరికి గీత నిటారుగా లేచి నిలబడింది. మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది. రోగం బయటపడిన రోజు 212 ఉంది కదా, అక్కణ్నుంచి గియ్యి నాయనా అన్నాను. గీశాడు. ఈ పెరుగుదల కంటికి ఆనలేదు. రెండు గ్రాఫులూ నిజమే.

నా ఎముకల స్కాన్‌దీ ఇలాంటి కథే. కొత్త మందు మొదలెట్టిన రెండు నెలలకు పీఎస్‌ఏ పడిపోతోంది, నడుం నొప్పి తగ్గింది, స్కాన్‌లో మాత్రం కొత్త చుక్కలు! ఆ స్కాన్‌లో ఎక్కించే మందు క్యాన్సర్‌ను వెతకదు, కొత్త ఎముక ఎక్కడ కట్టుకుంటుంటే అక్కడ చేరుతుంది. పుండు మానుతున్న ఎముకా అలాగే వెలుగుతుంది. అందుకే తొలి స్కాన్‌లో కొత్త చుక్కలు కనిపించినా, ఆ తర్వాతి స్కాన్‌లో ఇంకో రెండు పుడితే తప్ప ముదిరిందనుకోరు. ఇది మా డాక్టరుగారు చెప్పేదాకా ఇంట్లో అన్నం సహించలేదు.

మా చిన్నాన్న భద్రాచలంలో గోదావరి మట్టం చూసే ఉద్యోగం చేసేవాడు. వరదొస్తే గంటగంటకీ గేజీ దగ్గరికి పోవాల్సిందే. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 దాకా వెళ్లింది. ఆ అంకె మా ఊళ్లో పిల్లల పుట్టినరోజుల్లా గుర్తుంటుంది అందరికీ. జనం గొడుగులేసుకుని ఘాట్ దగ్గర నిలబడి “ఎంతుంది బాబుగారూ?” అనేవాళ్లు. ఆయన ఎప్పుడూ ఉత్త అంకె చెప్పేవాడు కాదు. “నలభై తొమ్మిది. ఎగువన పేరూరు దగ్గర తగ్గుతోందిలే” అనేవాడు. లేదా “నలభై ఆరే, కానీ ఎగువన ఇంద్రావతి పొంగింది, సామాన్లు సర్దుకోండి” అనేవాడు. దిగువన కూనవరం దగ్గర శబరి పోటెత్తితే గోదావరి ఎగదన్ని, పైనుంచి వచ్చే నీరు తగ్గినా మట్టం దిగనే దిగదు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు అది చూసి బెంబేలెత్తిపోయేవాళ్లు. నలభై తొమ్మిది కన్నా నలభై ఆరు భయంకరం కావచ్చునని నాకు నిక్కర్ల నాడే తెలుసు.

అందుకే, ఆ రెండో వాక్యం లేని రిపోర్టు రోగికి పంపకూడదని రాయబోయాను. డాక్టరు చూశాకే ఇవ్వండని.

కానీ చిన్నాన్న సంగతి ఇంకోటి ఉంది. ఓసారి రాత్రంతా ఎగువ నుంచి కబురు అందలేదు. పెరుగుతుందో తగ్గుతుందో ఆయనకే తెలీదు. అయినా అడిగినవాళ్లందరికీ అంకె చెప్పాడు. “పైసంగతి తెలీదు, ఇప్పుడు మాత్రం ఇంత” అన్నాడు. జనం మేకల్ని గట్టెక్కించుకున్నారు, బియ్యం అటకెక్కించుకున్నారు. చెప్పకుండా దాస్తే ఆ రాత్రి ఊళ్లో ఎన్ని అడుగుల గోదావరి పారేదో!

నాకు అటకెక్కించాల్సిన బియ్యం లేదు, నిజమే. కానీ పోయిన దసరా సెలవుల్లో రిపోర్టు ఆలస్యమైనప్పుడు, రాని కాగితంలో నేను నలభై చదువుకున్నాను, యాభై చదువుకున్నాను. సోమవారం రాత్రి 1.4 చూశాక లేచి నోటుబుక్కులో ప్రశ్నలు రాసుకున్నాను. మూడు వారాలాగి మళ్లీ చేద్దామా? స్కాన్ ఇప్పుడా, తర్వాతా? మందు మార్చే తొందరుందా? రాసి పడుకున్నాను. నిద్ర పట్టింది కూడా. కాబట్టి విన్నపం వెనక్కి తీసుకుంటున్నాను. ఏ వేళకు తయారైతే ఆ వేళకే పంపండి.

గురువారం డాక్టరుగారు ప్రశ్నలన్నీ విని మూడు వారాల తర్వాత మళ్లీ రక్తం ఇమ్మన్నారు. మందు అదే. ఆపైన నేను రాసుకోని మాట ఒకటి చెప్పారు. పీఎస్‌ఏ తక్కువున్నా ముదిరే రకాలు ఉన్నాయట. నడుం నొప్పి కొత్తగా మొదలైనా, కాళ్లు తేలిపోయినా, తిమ్మిరెక్కినా, మూత్రం బంద్ అయినా వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు ల్యాబు కోసం, అంకె కోసం చూడొద్దు, అర్ధరాత్రయినా వచ్చేయమన్నారు. ఎమర్జెన్సీ నంబరు మా ఆవిడ ఫోనులో ఎక్కించుకుంది. బావమరిదికీ పంపింది.